చిన్నమ్మకు అర్థమైతే చాలనుకున్న పుస్తకం

మొన్న ఆదివారం పొద్దున, ఇంకా చాయ్ కూడా తాగకముందే, ఫోనులో మీటింగుకు పిలిచారు. పైసా తీసుకోకుండా అందరికీ ఇచ్చే ఆఫీసు సాఫ్ట్‌వేరు ఒకటుంది కదా, ఉత్తరాలు రాసుకోవడానికీ లెక్కలు వేసుకోవడానికీ పనికొచ్చేది, దాన్ని ఎలా వాడాలో తెలుగులో చెప్పే పుస్తకం తయారుచేసే బృందంలో నేను ఏళ్ల తరబడి ఉన్నాను. కొత్త వెర్షను వచ్చిందట, మెనూలన్నీ మళ్లీ చోట్లు మారాయట, కాబట్టి పుస్తకానికి మళ్లీ మొదటినుంచీ ప్రణాళిక వేయాలట. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో నాకే గుర్తు లేదు. ఒక వెర్షనుకు బొమ్మలు తీసి, పేర్లు దిద్ది, హమ్మయ్య అనుకునేలోపు ఇంకొకటి వచ్చి కూర్చుంటుంది, మన గల్లీలో రోడ్డు వేయగానే పైపుల కోసం మళ్లీ తవ్వినట్టు. మీటింగులో ఒక అమ్మాయి చాలా హుషారుగా, ఈ పుస్తకం చదివే మనిషిని ముందుగా ఊహించుకుందాం, ఆ మనిషికి ఒక పేరూ వయసూ ఉద్యోగమూ పెడదాం అంది. నాకు ఊహించుకునే ఓపిక లేకపోయింది. మేము మొదటిసారి ఆ పుస్తకానికి ప్రణాళిక వేసినప్పుడు, చదివే మనిషి మా ఎదురుగా కుర్చీలోనే కూర్చుని ఉండేది.

ఆమె మా చిన్నమ్మ, అమ్మకు స్వయానా చెల్లెలు. గౌలిపురాలో మా గల్లీ అమ్మవారి గుడికి చిన్నాయన ఎన్నో ఏళ్లు రాతకోతల పని చూశాడు. రసీదులు, బోనాల పిలుపులు, ఊరేగింపు కోసం పోలీసు స్టేషనుకు పెట్టుకునే అర్జీ, అన్నీ ఆయన చేతి మీదే నడిచేవి. ఆయన పోయాక ఆ పని తానే చేస్తానని చిన్నమ్మ కమిటీ వాళ్లను అడిగింది. అది జీతం కోసం కాదు. ఆ కుర్చీలో కూర్చుంటే ఆ గుడిలో తనకొక చోటు, లేకుంటే కొబ్బరికాయ కొట్టించుకుని పోయే పదిమందిలో తానూ ఒకతె. ఆ బాధ నా ఈడు ఆడవాళ్లకు విడమరిచి చెప్పనక్కర లేదనుకుంటాను. కమిటీ పెద్ద మా బావ, అంటే మా ఇంటాయన అన్న, మీరాలం మండిలో కిరాణా హోల్‌సేల్ దుకాణం ఆయనది. మంచివాడే. గుడికి ఎవరో కంప్యూటరు ఇచ్చారు కాబట్టి ఈసారి అర్జీ దాని మీదే రాయాలని, ఆషాఢం ముందు కమిటీ కూర్చున్న రోజు చిన్నమ్మ అందరి ముందూ రాసి చూపిస్తే పని ఆమెదేనని మాటిచ్చాడు.

సరిగ్గా అప్పుడే మా పెదనాన్న కొడుకు, నేను అన్నా అని పిలిచేవాడు, ఈ పుస్తకం ఆలోచన ఎత్తుకొచ్చాడు. కంప్యూటర్ల కంపెనీలో ఉద్యోగం, నగరం ఆ చివరికి పోయి రావడంతోనే మనిషి సగమయ్యేవాడు, అయినా ఊరికే ఉండేవాడు కాదు. నేను ఆఫీసులో టైపిస్టును కాబట్టి నన్ను పట్టుకున్నాడు. బార్కస్ నుంచి స్కూటరు మీద వచ్చే ఒక భాయ్, స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాడు, తెలుగు మాకంటే శుభ్రంగా రాసేవాడు, ఆయనా కలిశాడు. శుక్రవారం బావ దుకాణం బంద్ కాబట్టి, సాయంత్రం మా పనులయ్యాక దాని పైగదిలో కూర్చునేవాళ్లం. చుట్టూ ఎండుమిర్చి బస్తాలు. ఒకరు తుమ్మితే వరసగా అందరం తుమ్మేవాళ్లం, తుమ్ములయ్యాకే ప్రణాళిక ముందుకు సాగేది.

ఆ ప్రణాళిక తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు బడలినట్టుంటుంది. ఏ అధ్యాయం ముందు, ఏది వెనక, ఎవరు రాయాలి, ఎవరు దిద్దాలి, మెనూ పేర్లు తెలుగులో పెట్టాలా ఇంగ్లీషులోనే ఉంచాలా, దీని మీదే ఒక చలికాలం గడిచింది. నేను ఆఫీసు ఉత్తరాల అలవాటు కొద్దీ ప్రతి పేజీ మీదా విషయం, సూచిక అని రాసుకొస్తే అన్న తల పట్టుకున్నాడు. చివరికి ఆయనే ఒక పద్ధతి పెట్టాడు. అధ్యాయం రాసినవాళ్లు దాన్ని చిన్నమ్మ చేతికివ్వాలి, ఆమె చదువుకుంటూ మెషీను మీద పని చేయాలి, మనం వెనక కూర్చుని చూడాలి తప్ప నోరు విప్పకూడదు. పని పూర్తయితే అధ్యాయం పాస్, ఆగిపోతే మళ్లీ రాయాలి. చిన్నమ్మకు అర్థమైతే ఇక అందరికీ అర్థమైనట్టే అన్నాడు.

నోళ్లు నిజంగానే మూసుకున్నాం. చేతుల సంగతే ఎవరికీ తట్టలేదు. మనలో అమ్మ వయసు మనిషి ఒక పని దగ్గర తడబడుతుంటే చూస్తూ కూర్చోవడం ఎక్కడైనా ఉందా! ఆమె వేలు గాలిలో ఆగిందంటే చాలు, నా చెయ్యి పోయి మౌస్ కదిలించేది. మరీ తెల్లబోతే భాయ్ ఆ కట్టుబాటు కూడా పక్కన పెట్టి, "ఉండమ్మా, నేన్ జేస్త" అని మెల్లగా అనేవాడు. అన్న అయితే ఆమె రాకముందే తన కంప్యూటరు తెచ్చి పెట్టి, ఫైలు తెరిచి, తెలుగు అక్షరాలు పడేలా అంతా సిద్ధం చేసి, కుర్చీ తుడిచి మరీ ఉంచేవాడు. అది సాయమని మాలో ఎవరూ అనుకోలేదు, పెద్దవాళ్లకు మంచినీళ్ల గ్లాసు అందించినట్టే. అలా ఒక్కో అధ్యాయం పాసవుతూ పోయింది. చిన్నమ్మ కూడా సంబరపడిపోయింది, ఇంటికి పోతూ దారిలో అర్జీలో మాటలు పైకి చదువుకునేది.

కమిటీ కూర్చున్న రోజు మేము ముగ్గురం గుడి బయటే ఉండిపోయాం, లోపలికి వస్తే సాయం చేశామంటారని. కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. చిన్నమ్మ మా కాగితాలు పక్కన పెట్టుకుని, అమ్మవారికి దండం పెట్టుకుని, గౌరవనీయులైన అని మొదలుపెట్టబోయింది. మీటల మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు మా అన్నే ముందుగా అంటించి ఉంచాడు. ఆమె గ నొక్కితే తెర మీద ఇంగ్లీషు ఐ పడింది. ఔత్వం నొక్కితే క్యూ పడింది. చెరిపి మళ్లీ నొక్కింది, మళ్లీ అవే. కాగితాలు తిరగేసింది. అక్షరాల సైజు పెంచడం ఉంది, గళ్లు గీయడం ఉంది, పేజీకి అంచులు పెట్టడం ఉంది. మూలన భాష గుర్తు నొక్కి కీబోర్డును తెలుగులోకి మార్చాలన్న ముక్క పుస్తకం మొత్తంలో ఎక్కడా లేదు. ఎప్పుడూ అన్న చేసిపెట్టిన పని అది. చిన్నమ్మ ఆగిపోయిన చోటల్లా మా చేతులు పోయాయి కాబట్టి ఆ చోట్లేవో మాకు తెలియనే లేదు.

బావ కోప్పడలేదు. అదే పెద్ద కష్టమైపోయింది. ఆమె కాగితాలు మళ్లీ మొదటినుంచీ తిరగేయడం చూసి లేచి వచ్చి, "ఎందుకు అత్తమ్మా గింత తిప్పలు, బయట షాపుల టైప్ జేయిద్దం, నువ్వు ఫికర్ జేయకు" అన్నాడు. కమిటీ వాళ్లందరూ అవునవునన్నారు. ఎవరో ఆమెకు చాయ్ తెప్పించారు. మేం లోపలికి పరుగెత్తేసరికి ఆమె కుర్చీలోంచి లేచి నిలబడి ఉంది. భాయ్ ముఖం ఎత్తలేకపోయాడు. అన్న ఆ భాష గుర్తు నొక్కి తెలుగులోకి మార్చి, ఇప్పుడు రాయి చిన్నమ్మా అని బతిమాలాడు, ఆమె కూర్చోలేదు. ఇంటికి వచ్చాక మాత్రం కాగితాలు నా చేతిలో పెట్టి, "అండ్ల అన్నీ ఉన్నయి బిడ్డా, మొదలువెట్టుడొక్కటే లేదు" అంది. కోపం లేదు, నిష్ఠూరం లేదు, ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. నేను వంటింట్లోకి పోయి కాసేపు ఏడ్చాను.

ఆ పేజీ మర్నాడే భాయ్ రాశాడు. పుస్తకంలో అన్నిటికంటే ముందు దాన్నే పెట్టాం. ఎన్ని వెర్షన్లు మారినా అది అక్కడే ఉంది, చదివి నేర్చుకున్నామని మలక్‌పేట నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో రాసేవాళ్లు. చిన్నమ్మ మాత్రం మీటల ముందు మళ్లీ కూర్చోలేదు. గుడి రాతపని బయటి షాపుకు పోయింది, చిన్నాయన కుర్చీని ప్రసాదాల గదిలోకి జరిపారు. ఆమెకు ఏ కాగితం అవసరమైనా మా ఇంటికొచ్చి, నా పక్కన కూర్చుని చెబుతుంటే నేను టైపు చేసేదాన్ని. ఒకసారి పోరు పెట్టి ఆమె చెయ్యి మీటల మీదికి లాగితే, "నీ చేతులున్నయి గద బిడ్డా" అని మెల్లగా వెనక్కి తీసుకుంది. చివరిదాకా అంతే.

ఇప్పుడు పుస్తకాల ప్రణాళికలు వేరేగా సాగుతున్నాయి. ఎవరి ఇంట్లో వాళ్లుండి, ఎవరి ముఖం ఎవరూ చూడకుండా, ఎవరో ఊహించిన మనిషి కోసం రాస్తారు. తప్పులు తక్కువే వస్తున్నాయి, ఒప్పుకుంటాను. చదివేవాడు ఎక్కడ ఆగిపోయాడో యంత్రమే చెబుతుందట, మధ్యలో ఎవరి చెయ్యీ అడ్డుపడదు. మా చేతుల వల్లే ఆ పుస్తకం చిన్నమ్మకు పనికిరాకుండా పోయిందని నాకు తెలుసు. అయినా ఈ మధ్య నేనే కొత్త ఫోను ముందు వేలు ఎత్తి ఆగిపోయినప్పుడు, పక్కన ఎవరైనా ఉండి, ఉండమ్మా నేన్ జేస్త అంటే బాగుండునని అనిపిస్తోంది.