డిగ్రీ సీటుకు అంగడి బేరం

సోమవారం, పొద్దున సరిగ్గా పదకొండు గంటలు. నల్లగొండ బస్టాండు ఎదుటి నెట్ సెంటర్లో కూర్చుని, నా మనవరాలి చదువును నా చేత్తోనే గంగలో కలిపాను. ఎలాగో చెబుతాను, నవ్వండి. మా ఇంట్లో వాళ్లు నవ్వడం ఇంకా ఆపనే లేదు.

అరవై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. కొత్తగా చదువొస్తే మనిషికి కొమ్ములు మొలుస్తాయంటారు కదా, నాకు పొట్టేలు కొమ్ములే మొలిచాయి. మమత ఇంటరు పాసై డిగ్రీలో చేరుతానంటే, "నేనుండంగ నీకేం ఫికర్ బిడ్డా?" అని వెంట బయల్దేరాను. డిగ్రీ అంటే ఒకటే అనుకున్నాను. తెర మీద చూస్తే బీఏ, బీకాం, బీఎస్సీ, బీబీఏ, హోటల్ మేనేజ్‌మెంట్... నా మందలో కూడా అన్ని రకాల జీవాలు లేవు!

మమతకు కావలసింది మాత్రం ఒక్కటే, నల్లగొండలోనే బీఎస్సీ. దాన్ని అన్నిటికన్నా పైన పెట్టమని నెట్ సెంటర్ నరేశ్‌కు చెప్పి, జిరాక్సు తీయించడానికి పక్క షాపుకు వెళ్లింది.

ఇదేం బేరం అనుకున్నాను. గొర్రెల అంగడిలో ముసలివాణ్ణయ్యాను. మెచ్చిన గొర్రె దిక్కు ముందే చూస్తే అమ్మేవాడు ధర పెంచి కూర్చుంటాడు. పనికిరానిదాన్ని తట్టి చూసి, పళ్లు చూసి, సణిగి, పోతూ పోతూ "సరే తియ్, గిదే ఇయ్యి" అనాలి.

"నరేశూ, గదంత తిర్గెయ్యి. బీఎస్సీ అడుగున వెట్టు, హోటల్ది మీద వెట్టు."

"తాతా, మీద వెట్టిందే ముందుగాల ఇస్తరే!"

"నీకేం ఎర్కరా? మనం మెచ్చింది కాలేజోళ్లకు తెల్వొద్దు."

మమ్మల్ని తీసుకొచ్చిన ఆటో యాదయ్య కూడా తలూపాడు. "పెద్దమనిషి చెప్తుండు గద, వెట్టరాదు!"

నా ఫోనుకొచ్చిన ఓటీపీ నంబరును గర్వంగా చదివి వినిపించాను. పని అయిపోయింది. మమత తిరిగొచ్చి "అయిందా తాతా?" అంటే, "బ్రహ్మాండంగ అయింది" అన్నాను.

సీట్లు ఇచ్చిననాడు ఇల్లు ఎగిరిపోయింది. "హోటల్ మేనేజ్‌మెంటా? హైదరాబాద్లనా? తాతా, నాకు చాయ్ వెట్టుడే రాదు!" ఏడ్చింది పిల్ల. నేను నరేశ్ మీదికి పోయాను.

"బేరం చెయ్యకుంటనే ఎట్ల ఇచ్చిన్రురా?"

"కంప్యూటర్‌కు బేరం రాదు తాతా. ఏదడిగితే గదే ఇస్తది."

"అడిగింది అడిగినట్టిచ్చే అంగడి యాడన్న ఉంటదారా!"

రెండో విడతలో మమతకు కోరిన బీఎస్సీ సీటే వచ్చింది. నాకు ఆశ్చర్యం. "ఎట్ల బేరమాడినవ్ బిడ్డా?"

"ఏం లేదు తాతా. నీ ఫోను తీస్కపోయిన, నిన్ను ఇడ్సిపెట్టి పోయిన. గంతే."

అందుకని ఒట్టేస్తున్నాను. పిల్లల చదువుల దగ్గర బతికుండగా మళ్లీ నోరెత్తను. సాక్షులు, ఆ సోమవారం అక్కడున్నవాళ్లే: మనవరాలు మమత, నెట్ సెంటర్ నరేశ్, తల ఊపలేదని ఇప్పుడు బుకాయిస్తున్న ఆటో యాదయ్య, వీళ్లందరికంటే తెలివైనవాణ్ణనుకున్న నేను, రాజయ్యను.