లేజర్ వేడికి మా వదిన చేసిన చలవ

మా ఆయనకు ఒంట్లో ఏదో తేడాగా ఉందని నాకు అనిపించిన రోజు ఆయన సోడా తాగుతూ కూర్చున్నాడు. నరసరావుపేటలో మాది బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపు. ఆయన కాయిల్ చుడతాడు, నేను కౌంటర్ చూసుకుంటాను. ఆ మధ్యాహ్నం పని మధ్యలో వదిలేసి స్టూలు మీద కూలబడ్డాడు. చొక్కా తడిసి ముద్దయింది. దవడ లాగుతోందన్నాడు.

"ఆస్పత్రికి పోదాం పద" అంటే, "గ్యాసేలేవే, ఊరికే గోల చెయ్యమాక" అన్నాడు.

మా వైపు మగవాళ్లకు గుండె జబ్బులు రావు మరి, గ్యాస్ ఒక్కటే వస్తుంది! సోడా తాగాడు, వాంతి చేసుకున్నాడు, అప్పుడుగానీ ఆటో ఎక్కలేదు.

ఈసీజీ తీసిన డాక్టర్ వెంటనే గుంటూరు పొమ్మన్నారు. అక్కడ యాంజియోగ్రామ్ చేసి, "ట్రిపుల్ వెసెల్ డిసీజ్ అమ్మా, గుండె రక్తనాళాలు మూడూ పూడుకుపోయాయి. స్టెంట్లు కుదరవు, బైపాస్ చేయాలి" అన్నారు. షుగర్ ఉందన్న సంగతీ అక్కడే బయటపడింది. ఆపరేషన్ బాగానే జరిగింది. గుండె గురించి ఇంతకుమించి రాయను. మమ్మల్ని ఏడిపించింది గుండె కాదు, దానిమీద వేసిన కుట్టు.

ఇంటికొచ్చాక ఛాతీ మీద కుట్టు పైభాగం చక్కగా మానింది. కింది చివర మాత్రం విచ్చుకుంది. చొక్కాకు పసుప్పచ్చగా తడి అంటుతుండేది. సర్జన్ చూసి చీము తీసి కల్చర్ టెస్టుకు పంపారు, యాంటీబయాటిక్స్ మార్చారు, రోజూ డ్రెస్సింగ్ అన్నారు. "ప్రస్తుతానికి స్కిన్ కిందే ఉంది. బోన్ దాకా పోతే మళ్ళీ ఓపెన్ చేసి క్లీన్ చేయాల్సి వస్తుంది" అని కూడా అన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు. ఒకసారి ఎముక కోసిన మనిషిని రెండోసారి ఆ బల్ల మీద పడుకోబెట్టే ధైర్యం నాకు లేదు. ఆ పుండు మూసుకోవాలి, అంతే. నాకు ఇంకే కోరికా లేకుండా పోయింది.

ఆ పుండు ఒక ఎత్తు, దాన్ని చూడ్డానికి వచ్చినవాళ్లు ఒక ఎత్తు. పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషికీ ఈయన చొక్కా గుండీలు విప్పి చూపించడం! వాళ్లు ముక్కు మీద వేలేసుకుని "అయ్యో అయ్యో" అనడం, పోతూ పోతూ గుమ్మంలో నాకొక వైద్యం చెప్పడం. "పప్పు పెట్టమాకమ్మాయ్, చీము పడుద్ది" అని పక్కింటి పిన్ని. "గుడ్డు వాసన కూడా తగలనియ్యొద్దు" అని ఎదురింటి బాబాయ్. డాక్టరేమో ప్రోటీన్ బాగా పెట్టమంటాడు, వీళ్లేమో చారన్నం తప్ప ఏదీ వద్దంటారు. ఎవరికని చెప్పను?

ఆ టైమ్‌లోనే వినుకొండ నుంచి ఆయన అక్క, మా వదిన, బట్టల సంచీతో దిగింది. ఆవిడకు పిల్లల్లేరు, భర్త, నాకు అన్నయ్య వరస, పోయాడు, తమ్ముడంటే ప్రాణం. వచ్చీ రాగానే కొంగు నడుముకు దోపి వంటింట్లోకి వెళ్లింది. షాపులో పని నెత్తి మీద ఉంది కాబట్టి, నిజం చెప్పొద్దూ, నాకూ ప్రాణం లేచొచ్చింది.

పుండు మానడం మరీ నెమ్మదిగా ఉందని సర్జన్ మమ్మల్ని గుంటూరులోనే గాయాలకు లేజర్ థెరపీ చేసే క్లినిక్‌కు పంపారు. లేజర్ అనగానే మళ్ళీ కోతేమోనని భయపడ్డాను. అక్కడి డాక్టర్ ఓపిగ్గా చెప్పారు. "ఇది కోసేది కాదమ్మా, లో లెవెల్ లేజర్. ఆ లైట్ పడితే గాయం దగ్గర కణాలు కాస్త చురుగ్గా పనిచేస్తాయని వాడతాం. అందరికీ ఒకేలా పనిచేస్తుందని నేను చెప్పలేను. ఇది సపోర్ట్ మాత్రమే. షుగర్ కంట్రోల్‌లో లేకపోతే, తిండి సరిగ్గా లేకపోతే ఇదొక్కటే ఏమీ చేయలేదు."

మొదటి సిట్టింగ్‌కు నేనే వెంట వెళ్లాను, మొదటిసారని నన్నూ లోపలికి రానిచ్చారు. ఇద్దరి కళ్లకూ నల్లటి గాగుల్స్ పెట్టారు. పెన్నులాంటి ప్రోబ్‌తో పుండు చుట్టూ ఎర్రటి వెలుతురు పట్టారు. నొప్పి లేదు, మంట లేదు. కాసేపటికే అయిపోయిందన్నారు. "ఇంతేనా? దీనికా ఇంత దూరం వచ్చింది?" అన్నాడు మా ఆయన. మనిషికి ఏడుపు రావాలేమో, అప్పుడుగానీ అది వైద్యంలా అనిపించదు!

అప్పటికే ఎండలు ముదిరాయి. బోర్లలో నీళ్లు కిందికిపోయి ఊరూరా మోటార్లు కాలిపోతున్నాయి. రైతులు షాపు ముందు నుంచి కదలడం లేదు. ఉన్న ఒక్క పనివాడితో నేను షాపులో ఇరుక్కుపోయాను. వారానికి మూడుసార్లు ఆయన్ను బస్సులో గుంటూరు తీసుకెళ్లే పని వదిన తీసుకుంది.

మొదట్లో పుండు అంచులు గులాబీ రంగుకు తిరిగాయి. హమ్మయ్య అనుకున్నాను. తర్వాత ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆ తర్వాత మళ్ళీ చొక్కా తడవడం మొదలైంది. "గుడ్డు తింటున్నావా?" అంటే "ఆఁ" అంటాడు. "పప్పు?" అంటే "ఆఁ". పొద్దున్నే పరగడుపున చూస్తే షుగర్ పెద్దగా ఉండదు. మరి ఎందుకు మానదు? సర్జన్‌ను అడిగితే, "ఇంకొన్నాళ్లు చూద్దాం, లేకపోతే ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లాల్సిందే" అన్నారు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. మర్నాడు షాపు షట్టర్ దించేసి వాళ్లతో నేనూ బస్సెక్కాను.

క్లినిక్‌లో లేజర్ గదిలోకి పేషెంట్ ఒక్కరినే రానిస్తారు. వదినా నేనూ బయట బెంచీ మీద కూర్చున్నాం. ఆయన బయటికి రాగానే వదిన సంచీలోంచి ఫ్లాస్క్ తీసి, గ్లాసు నిండా పోసి ఆయన చేతికిచ్చింది. ఆయన గటగటా తాగుతున్నాడు. వెనకే వచ్చిన డాక్టర్ గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏంటమ్మా అది?"

"సబ్జా నీళ్లు బాబూ, పటిక బెల్లం కలిపా. మీరేమో ఆ లైటు పెట్టి ఒళ్లంతా వేడి చేస్తిరి. ఎండ చూస్తే అట్టా ఉండె. చలవ చెయ్యకపోతే పుండు ఎట్టా మానుద్ది?"

"రోజూ ఇస్తున్నారా?"

"ఇక్కడికొచ్చినప్పుడల్లా ఇదే. ఇంటికాడ కొబ్బరి నీళ్లు, బార్లీ."

డాక్టర్ అక్కడికక్కడే షుగర్ టెస్ట్ చేయించారు. పొద్దున పరగడుపున తక్కువగా కనపడే అంకె మీటర్‌లో బాగా పైకి పోయింది. మరి గుడ్ల సంగతేందని ఆయన్ను నిలదీశాను.

"గుడ్డు పెట్టిన మర్నాడే తడి కనపడిందని అక్క ఆపేసిందే" అన్నాడు నేల చూపులు చూస్తూ.

"నన్ను అడిగినప్పుడల్లా ఆఁ ఆఁ అంటివిగా!"

"అక్క బాధపడుద్దని..."

"అక్క బాధపడకూడదు, నీ ఛాతీ మాత్రం మళ్ళీ కోయాలా? నీకు బుద్ధుందా అసలు?" క్లినిక్ అని కూడా చూడకుండా అరిచేశాను. నలుగురూ చూశారు. చూడనీ.

వదిన బెంచీ మీదే ఏడవడం మొదలుపెట్టింది. "మీ అన్నయ్య కాలు పుండుతోనే పోయాడు గదమ్మాయ్. ఒళ్లు కాలిపోతందే, చల్లంగా ఏదన్నా పొయ్యవే అని అడిగి అడిగి పోయాడు. వీడికన్నా చేసుకుందామని..." అంది. ఆ మనిషిని తిట్టలేను, తిట్టకుండా ఉండలేను.

డాక్టర్ ఆవిడను లేజర్ గదిలోకి తీసుకెళ్లారు, వెంట మమ్మల్నీ రమ్మన్నారు. ఆవిడ కళ్లకు గాగుల్స్ పెట్టి అరచేతి మీద లైట్ వేశారు. "కాలుతోందా అమ్మా?"

"లేదే! గోరువెచ్చంగా కూడా లేదు."

"మరి వేడెక్కడిది? ఇక్కడ కొత్త కండ పుట్టాలి. అది తిండితో పుడుతుంది. రక్తంలో చక్కెర ఎక్కువుంటే పుట్టదు. మంచినీళ్లు, పల్చటి మజ్జిగ ఇవ్వండి, చలవకు అవి చాలు. గుడ్డు, పప్పు మానకండి."

"అంతేనా? ఈ ముక్క ముందే చెప్తే అయిపోయేదిగా" అంది వదిన కళ్లు తుడుచుకుంటూ.

ఆ రోజు నుంచి పటిక బెల్లం డబ్బా మా ఇంట్లో లేదు. షుగర్ మందుల డోసు మార్చారు. మధ్యలో డ్రెస్సింగ్ టేపు పడక చర్మం ఎర్రబడి మరో గొడవ, అది వేరే. తడి మెల్లగా తగ్గింది, పుండు అడుగు నుంచి పూడుకుంటూ వచ్చి, వానలు పడేనాటికి మూసుకుంది. థియేటర్ తప్పింది. లేజర్ వల్ల మానిందా, గుడ్ల వల్లా, షుగర్ దిగడం వల్లా అంటే నాకు తెలీదు. అన్నీ కలిస్తేనే మానిందని డాక్టర్ అన్నారు.

ఇప్పుడు ఆయన షాపుకొస్తున్నాడు. బరువులు ఎత్తొద్దన్నారు కదా, నేను అటు తిరగ్గానే మోటారు మీద చెయ్యేస్తాడు. అరిచి అరిచి నా గొంతు పోతోంది.

ఇది చదివే వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు రోగికి ఎవరు వండి పెడుతున్నారో ఆ మనిషిని లోపలికి తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టండి. వద్దంటే పట్టుబట్టండి. పథ్యం సంగతి డాక్టర్ నోటితోనే ఆ మనిషికి చెప్పించండి. ఆ రోజు బస్సులో తిరిగొస్తూ వదినను అడిగాను, "ఇన్నిసార్లు వచ్చావుగా, చలవ సంగతి డాక్టర్ని ఒక్క మాట అడగలేకపోయావా?" అని.

ఆవిడ కిటికీలోంచి చూస్తూ అంది, "నన్నెవరు పిలిచారే లోపలికి?"