మూడో మడిలో తేమ

ఆదెప్ప ఎవరినీ ఊరికే నమ్మేవాడు కాదు. కండక్టరు ఇచ్చిన టికెట్టు మీద ఊరి పేరు చదివితే తప్ప జేబులో పెట్టుకునేవాడు కాదు. దానికో కారణం ఉంది. గూళూరు దగ్గర అతని చేలో మూడు బోర్లు వేయించాడు. మూడుసార్లూ అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టుకుని తిరిగిన మనుషులు ఇక్కడే నీళ్లన్నారు. మూడుసార్లూ పైకి వచ్చింది తెల్లటి దుమ్మే. అప్పటినుంచి నేల లోపల ఏముందో తనకు తెలుసని ఎవరన్నా అంటే ఆదెప్ప కళ్లు సగం మూతపడేవి.

చేను బీడు పడ్డాక చింతామణి దారిలోని ఒక ప్రైవేటు యూనివర్సిటీలో తోటపనికి చేరాడు. పోయిన ఏడాది గుండె ఆగి కన్నుమూసేదాకా పదకొండేళ్లు అక్కడే చేశాడు. ఆ పదకొండేళ్లలో అతన్ని బాగా నలిపిన నెల ఒకటుంది, అక్కడ కొత్తగా వనం వేసిన మొదటి ఎండాకాలంలో.

లైబ్రరీ వెనక రెండెకరాల బయలును చదును చేసి వనం వేశారు. పిల్లలు కూర్చుని ఫోను చార్జింగు పెట్టుకునే సోలార్ బెంచీలు, హాస్టళ్ల మురుగునీళ్లను శుద్ధి చేసే తొట్టి, ఆ నీళ్లు మొక్కలకు పారే డ్రిప్పు పైపులు. వనాన్ని నాలుగు మళ్లుగా విడగొట్టారు. ఒక్కో మడిలో నేల తడి కొలిచే సెన్సార్ ఒకటి పాతారు. నేల ఎండితే సెన్సార్ కనిపెడుతుంది, వాల్వు దానంతటదే తెరుచుకుంటుంది. మనిషి చెయ్యి పెట్టే పనే లేదు. సెన్సార్లు పాతినరోజు తోటవాళ్లకు సెలవిచ్చారు. అవి ఎక్కడెక్కడ ఉన్నాయో వాళ్లకు చెప్పాలని ఎవరికీ తోచలేదు.

తొమ్మిదిమంది తోటవాళ్లలో ఆరుగురిని తీసేస్తారని అప్పుడే గుసగుస మొదలైంది.

మార్చి నడిమికి వచ్చేసరికి మూడో మడిలో నేరేడు మొక్కలు వాడిపోయాయి. మిగతా మూడు మళ్లూ పచ్చగానే ఉన్నాయి. నూట నలభై మొక్కలు ఆదెప్ప చేత్తో నాటినవే. ఆకు చివర్లు కాలిన కాగితంలా ముడుచుకుంటుంటే అతను ఎస్టేట్ ఆఫీసరు ఆనంద్‌కుమార్ దగ్గరికి పోయాడు.

"సార్, మూడో మడికి పది దినాలుగా నీళ్లు పార్లేదు. ఆ పెద్ద వాల్వు చేత్తో తిప్పేదానికి ఒప్పుకోండి."

ఆనంద్‌కుమార్ ఫోను తిప్పి చూపించాడు. "చూడు. మూడో మడి. ఫుల్ తడి అంటాండాది."

"ఫోను అంటాండాది సార్. మొక్క అన్లేదు."

"లక్షలు పోసి పెట్టిన సిస్టమ్ అబద్ధం చెప్తాదా? మూడు మళ్లల్లో సరిగ్గా పనిచేసి, నువ్వు చూసే మడిలోనే ఎందుకు చెడిపోతాదప్పా?" ఆఫీసరు కుర్చీలో వెనక్కి వాలాడు. "మిషను కుదిరితే ఆరుగురు ఇంటికి పోవాల. మిషను కుదరకపోతే ఎవురికి లాభమో నాకు తెలీదనుకున్నావా?"

ఆదెప్ప బయటికి వచ్చాడు. ఆ రోజునుంచి వాచ్‌మన్ మంజునాథ రోజుకు రెండుసార్లు మూడో మడి చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఊరికే తిరుగుతున్నానన్నాడు గానీ, ఫోనులో ఫొటోలు తీయడం ఆదెప్ప చూశాడు. ఆదెప్పకూ అనుమానాలు లేకపోలేదు. డ్రిప్పు పైపు నాసిరకమేమో, కాంట్రాక్టరు తప్పు కప్పిపుచ్చడానికి ఆఫీసరు తన మీదికి తోస్తున్నాడేమో. ఒక్క ముక్కను కూడా నమ్మలేక పైపు పొడుగునా మోకాళ్ల మీద పాకి ప్రతి బొట్టు రంధ్రాన్నీ సూదితో పొడిచి చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి.

సిస్టమ్ చూసే ఇంజనీరు అర్పిత చిక్కబళ్లాపురం పిల్ల. బజారులో వాళ్లది ఇత్తడి సామాన్ల అంగడి. సోమవారం పొద్దున వచ్చి, ఫోనులో నక్షా చూసుకుంటూ మూడో మడిలో నడిచింది. ఆదెప్ప నాలుగు అడుగుల వెనకే నడిచాడు. ఆమె మడి మూలనున్న ముసలి కానుగ చెట్టు మొదట్లో ఆగింది. గడ్డి పక్కకు తీసింది. అరచేయంత ఆకుపచ్చ మూత.

"ఇదే సెన్సార్," అంది. పక్కన పుల్లతో గుచ్చింది. బురద. వేలితో తీసి వాసన చూసింది. "నిజంగానే తడిగా ఉండాదే! ఇక్కడ డ్రిప్పు లేదు, వాన లేదు. ఈ నీళ్లు యాడనుంచి వస్తాండాయి ఆదెప్పా?"

ఆదెప్ప ఆ బురదను చూశాడు. ఆ మూత కింద పాత పైపేదో ఉందని అనుకుంటూ వచ్చాడు ఇన్నాళ్లూ. దినమూ మధ్యాహ్నం తొమ్మిదిమందీ ఆ కానుగ నీడలోనే సంగటి తింటారు. తిన్నాక చేతులు, బాక్సులు, చెంబు కడిగిన నీళ్లు, పుక్కిలించిన నీళ్లు, సందేళ కాళ్లు కడుక్కున్న నీళ్లు, అన్నీ ఆ చెట్టు మొదట్లోనే. ఒక్క చుక్క బయట పడకుండా చుట్టూ పాదు కట్టింది తనే. నీళ్లు పారబోయడమనేది వాళ్ల ఊళ్లలో ఎవరికీ చేతకాదు. కడిగిన నీళ్లయినా ఒక మొక్క నోట్లో పడాల్సిందే.

"తెలీదమ్మా," అన్నాడు.

అర్పిత అతని మొహాన్ని ఒక క్షణం ఎక్కువగా చూసింది. లేచి, చేతులు తుడుచుకుని పోయింది.

మధ్యాహ్నం అతను తన బాక్సు పట్టుకుని వేరే చోట కూర్చున్నాడు. కెంపమ్మ వెతుక్కుంటూ వచ్చింది. అందరికన్నా పాత మనిషి, నోరు గట్టి. సంగతి విని బాక్సు మూత ఠప్పున వేసింది.

"నోరు మూసుకోని ఉండప్పా. మనం కావాలని చేసినామా?"

"కాదు. కానీ మొక్కలు సస్తాండాయి కదా."

"రేపట్నుంచి వేరే చోట కడుక్కుందాం. నేల ఎండితే నీళ్లు వాటంతటవే వస్తాయి. ఎవురికీ ఏమీ చెప్పే పని లేదు."

"ఆ పిల్ల బురద చూసింది కెంపమ్మా. మనం ఆపినామంటే రెండు దినాల్లో ఎండుతాది. అప్పుడు ఎవురో పోస్తాండ్రి, పట్టుబడేసరికి ఆపేసిరి అంటారు. మంజునాథ ఫొటోలు ఉండాయి."

"చెప్తే మాత్రం? ఆ సారు ముందే అంటాండాడు, మనమే చెడగొడతాండామని. నువ్వు పోయి నిజమే సార్ అంటావా? నీకేమప్పా, ఒక్కడివి. నా కోడలు కాన్పుకొచ్చింది."

ఆమె మాటలో తప్పేమీ లేదు. నిజం చెప్తే ఆఫీసరు అనుమానానికే సాక్ష్యం దొరుకుతుంది. చెప్పకపోతే తర్వాత దొంగలే అనిపించుకోవాలి. ఆ సాయంత్రం ఆదెప్ప ఒక నేరేడు కొమ్మను గోటితో గీశాడు. తొక్క కింద ఇంకా సన్నగా పచ్చదనం ఉంది. ఇంకో వారం ఉండదు.

మరునాడు పొద్దునే అర్పితను పిలుచుకుని ఆనంద్‌కుమార్ ముందు నిలబడి అంతా చెప్పాడు. పాదు తాను కట్టిందేనని చెప్పాడు. మిగతా ఎనిమిదిమంది పేర్లు చెప్పలేదు.

ఆనంద్‌కుమార్ నవ్వాడు. "నేనేం చెప్పినా? చూసినావా అర్పితా? సెన్సార్ మీద నీళ్లు పోస్తాండారు."

"సార్, అక్కడ సెన్సార్ ఉండాదని వీళ్లకి మనం చెప్పలేదు," అంది అర్పిత.

"ఆకుపచ్చ మూత కనపడదా?"

"కనపడకూడదనే కదా సార్ ఆకుపచ్చ వేసింది."

ఆఫీసరు ఆమెతో మళ్లీ మాట్లాడలేదు. గుమాస్తాను పిలిచి కన్నడంలో ఒక వాంగ్మూలం టైపు చేయించాడు. దాని మీద సంతకం పెడితే హెచ్చరికతో వదిలేస్తానన్నాడు. అర్పిత అప్పటికే ఫోనులో మూడో మడి వాల్వును తెరిచి ఆదెప్పకు చూపించింది. కిటికీలోంచి నీళ్ల చప్పుడు రాకపోయినా, అటువైపు చూసి ఆదెప్ప కాస్త ఊపిరి పీల్చుకున్నాడు.

అతను ఏడో తరగతి దాకా కన్నడంలోనే చదివాడు. కాగితాన్ని వెలుగుకు పట్టుకుని వేలు పెట్టి చదివాడు. మూడో వరుసలో వేలు ఆగింది.

"సార్, ఇక్కడ కావాలని పోసినాను అని ఉండాది."

"అది మామూలుగా రాసేదే. పెట్టు సంతకం."

"పోసినాను, నిజం. మొక్కలు నా చేతి నీళ్లవల్లే ఎండినాయి, నిజం. కావాలని మాత్రం కాదు. అది కొట్టేయండి."

"కొట్టేయకపోతే?"

"సంతకం పెట్టను. పని నుంచి తీసేస్తే తీసేయండి. మూడు బోర్లు ఎండినా మా ఊర్లో నన్ను మొక్కలకి నీళ్లు దక్కకుండా చేసినోడు అని ఎవురూ అన్లేదు. ఈ కాగితం అంటే ఒప్పుకోను."

అర్పిత బల్ల మీది పెన్ను అందుకుని, కాగితం అడుగున, సెన్సార్ల జాగాలు తోటవాళ్లకు తెలియజేయలేదని రాసి తన సంతకం పెట్టింది. ఆనంద్‌కుమార్ ఆమెను చూశాడు, కాగితాన్ని చూశాడు. చివరికి ఎర్ర పెన్నుతో ఆ మాటను అడ్డంగా కొట్టేసి, పక్కన పొడి అక్షరాలు గీశాడు.

ఆదెప్ప సంతకం పెట్టి, సిరా ఆరేదాకా ఊదాడు. కానీ కాగితాన్ని వదల్లేదు.

"ఒక జెరాక్సు ఇప్పించండి సార్."

"ఎందుకప్పా? నమ్మకం లేదా?"

"మీ దగ్గర ఒకటి ఉంటాది కదా సార్. నా దగ్గరా ఒకటి ఉండనీ."

గుమాస్తా జెరాక్సు తెచ్చాడు. ఆదెప్ప రెండు కాగితాల్నీ పక్కపక్కన పెట్టి, గీటు కొట్టిన చోటునుంచి కింది దాకా, వరుస వరుసా వేలితో పోల్చి చూశాడు. ఆఫీసరు గడియారం చూసుకుంటున్నా తొందరపడలేదు.