దండాసి మేస్త్రి ఎత్తించిన పెట్టె

దండాసి మేస్త్రి కోతలరాయుడని ఎవరైనా నా ముందు అంటే ఊరుకోను. రంగూన్‌లోని బోటాటౌంగ్ తెలుగు బడిలో పదకొండేళ్ళుగా పిల్లలకు ఓనమాలు దిద్దిస్తున్నాను, రేవు కూలీలకు ఇంటికి ఉత్తరాలు రాసిపెడుతున్నాను. జ్ఞానదాసు పంతులంటే ఈ వీధుల్లో ఎవరైనా చెబుతారు. కోతలు కోసేవాణ్ణి గుర్తుపట్టడం నాకు కష్టం కాదు. వాడి కథలో ఎప్పుడూ వాడే గెలుస్తాడు. దండాసి మాత్రం తన ఆఫ్రికా ప్రయాణం చెప్పమంటే, తాను చేసిన తప్పుతోనే మొదలుపెడతాడు.

మనిషిది బారువ దగ్గర పల్లె. పదిహేనో ఏట ఓడెక్కి రంగూన్ వచ్చాడు. బియ్యం బస్తాలు మోసి మోసి, ముప్పై దాటేసరికి ఇరవై నలుగురి జట్టుకి మేస్త్రి అయ్యాడు. రేవులో మేస్త్రి బరువు ముట్టుకోడు, కూత వేస్తాడు. అతను ఒక మాట అందుకుంటాడు, జట్టంతా “ఐలేసా” అంటూ ఒక్కసారిగా లేస్తుంది. ఆ కూత లేకుండా మన కూలీ గడ్డిమోపు కూడా ఎత్తడు. దండాసి గొంతు నది అవతల డాలా ఒడ్డుకు వినిపిస్తుందని జట్టువాళ్ళు గొప్పలు పోతారు. అంత లేదు గాని, నా బడిలో నా గొంతు కంటే అతని గొంతే ఎక్కువ వినబడేది. ఆ విషయం మీద మేమిద్దరం చాలాసార్లు తగాదా పడ్డాం.

జట్టుకి ఉన్న బాధ ఒక్కటే. రోజూ తెల్లారకముందే రేవు గేటు దగ్గర నిలబడాలి. గుమాస్తా ఏ మేస్త్రి వైపు వేలు చూపితే ఆ జట్టుకే పని. మిగతావాళ్ళు తుండుగుడ్డ దులుపుకుని ఇంటికి పోవాలి. నెలకు పది రోజులు అలా పోయినవాళ్ళను నేనెరుగుదును.

1927లో గ్రెగరీ దొర అనే బియ్యం మిల్లు దొర పని విరమించుకుని, ఆఫ్రికా మీదుగా తన దేశం పోవాలనుకున్నాడు. ఆయనకు జంతువుల ఫోటోల పిచ్చి. అక్కడ వేట నిషేధించిన అడవులున్నాయట. మూడు అడవులు, పద్నాలుగు రోజులు తిరగాలని ఆయన ఏర్పాటు. ఫోటోకి వాడే గాజు పలకలు వెలుతురు తగిలితే చెడిపోతాయి. అందుకని లోపల చేతులు పెట్టి చీకట్లోనే పలకలు మార్చుకునేలా, ఎనిమిది మంది మోయాల్సిన టేకు పెట్టె ఒకటి చేయించుకున్నాడు. అక్కడి కూలీలు ఎవరి బరువు వాళ్ళు తలమీద పెట్టుకుని నడిచేవాళ్ళు. ఎనిమిది మందిని ఒక్క అడుగు వేయించగలవాడు కావాలి. ఒకప్పుడు ఈ దొర పియానోని గీత పడకుండా మేడ మీదికి చేర్చింది దండాసే.

ఆ ఒప్పందానికి దుబాసీని నేనే. పెట్టె క్షేమంగా తిప్పి తీసుకొచ్చి, దొర మెచ్చితే, మిల్లు కొత్త గోదాములో ఈ జట్టుకే ఖాయంగా పని ఇమ్మని ఆయన ఉత్తరం రాస్తాడు. ఇక గేటు దగ్గర నిలబడక్కర్లేదు. దొర మాటలు నేను తెలుగులో చెప్పగానే ఇరవై నలుగురూ దండాసి వైపు తిరిగారు.

“ఎల్లి రా మావా,” అన్నాడు కూర్మనాథం. జట్టులో అందరికంటే కోపిష్ఠి, అందరికంటే బలంగా మోసేవాడు. “పెట్టె కోసం బెంగెట్టుకోకు. నీ గొంతికుంటే సాలు.”

బొంబాయి మీదుగా ఓడ, తర్వాత రైలు, ఆ తర్వాత లారీ. మొదటి అడవిని అడవి అనడానికి దండాసికి మనసొప్పలేదు. చెట్టులేని మైదానం, దాని మీద చారల గుర్రాలు, వేలకొద్దీ. “మన గేటు కాడ జనం నిలబడ్డట్టే నిలబడ్డాయి మేస్టారూ. ఆటికీ పని దొరకనట్టుంది,” అని నాతో అన్నాడు. నాలుగు రోజుల్లో దొర కావలసినన్ని ఫోటోలు తీసుకున్నాడు. పెట్టె మోసే ఎనిమిది మందికీ మన కూత నచ్చింది. భాష రాకపోయినా “ఐలేసా” అని నవ్వుకుంటూ లేచేవారు. వాళ్ళలో కియోకో అనే పొడుగాటి మనిషికి గొంతు కూడా బాగుందట.

రెండో అడవి మంచుకొండ కింద. అక్కడ నేలను తాకే దంతాల ఏనుగు ఒకటుందని దొరకు తెలిసింది. ఫోటో తీస్తే దాన్నే తీయాలని ఆయన పంతం. నీటిగుంట దగ్గర రెండు రోజులు ఆకుల చాటున కూర్చున్నాడు. మూడో రోజు పొద్దున ఏనుగు వచ్చింది. పెట్టెను ఇంకొంచెం దగ్గరికి తెమ్మని దొర చేత్తో సైగ చేశాడు. దండాసి తన ఎనిమిది మందినీ చూశాడు, పెట్టె మోసే బొంగుల కింద భుజాలు సరిపోయాయో లేదో చూశాడు, ఎప్పటిలా గుండెలనిండా గాలి తీసుకున్నాడు.

“అదేటో మేస్టారూ, నానెయ్యలేదు ఆ కూత. దానంతటదే వొచ్చేసింది.”

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ముప్పై అడుగుల దూరంలో బారువ కూత వినబడితే ఏ ఏనుగు మాత్రం నిలుస్తుంది? చెవులు రెండూ విప్పి, వెనక్కి తిరిగి, పొదలు తొక్కుకుంటూ పోయింది. దొర అరవలేదు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత హిందూస్తానీలో చెప్పాడు: “మేస్త్రీ, ఇంకొక్కసారి అడవిలో నీ గొంతు వినబడితే ఉత్తరం ఉండదు.”

నోరా వీపుకు తేకే అనుకున్నాడు దండాసి. కాని అది తన ఒక్కడి వీపు కాదని అతనికి తెలుసు. ఆ పూటే ఎనిమిది మందినీ కూర్చోబెట్టి, వేలితో బొంగు మీద కొట్టి చూపించాడు. రెండు దెబ్బలకు ఎత్తాలి, ఒక దెబ్బకు దించాలి. మాట లేదు. సాయంత్రానికల్లా వాళ్ళు పిల్లుల్లా నడిచారు. ఇన్నేళ్ళూ గొంతుతో చేసిన పనిని ఒక్కరోజులో వేలితో చేయించాడు. నేనైతే నా పిల్లలకు గుణింతాలు కూడా అంత త్వరగా నేర్పలేను.

మూడో అడవిలో ఒక ఏరుంది. పదమూడో రోజున దొర అవతలి ఒడ్డున రాళ్ళ చాటున కెమెరా పెట్టుకున్నాడు. అదృష్టం చూడండి, ఏనుగుల మంద దిగింది. ముందు నడిచేదాని దంతాలు వెనకటిదాని దంతాలకు ఏమీ తీసిపోవు. అప్పటికి దొర దగ్గరున్న పలకలు అయిపోయాయి. పెట్టె తెమ్మని సైగ చేశాడు.

నీళ్ళు నడుము లోతు. నడిమధ్యలో కియోకో కాలు రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుంది. మనిషి పడ్డాడు, పెట్టె ఆ వైపే ఒరిగింది, బొంగు అతని ఛాతీ మీద ఆగింది. తల నీళ్ళలో మునిగింది. మిగతా ఏడుగురూ తలా ఒక వైపు లాగుతున్నారు. ఒకడు ఎత్తితే ఇంకొకడు దించుతున్నాడు. దండాసి బొంగు మీద రెండు దెబ్బలు కొట్టాడు. నీటి హోరులో ఎవరికీ తెలియలేదు. మళ్ళీ కొట్టాడు. నీళ్ళ పైన కియోకో చెయ్యి ఒక్కటే కనబడుతోంది.

అప్పుడు కూత వేశాడు. ఈసారి దానంతటది రాలేదు, తెలిసి వేశాడు. ఉన్న గొంతంతా పెట్టి వేశాడు. ఏడుగురూ ఒక్కసారి “ఐలేసా” అన్నారు, పెట్టె లేచింది. మేస్త్రి బరువు ముట్టుకోడన్నానే, ఎనిమిదో భుజం అతనే పెట్టాడు. ఇద్దరు కియోకోను బయటికి లాగారు. తలెత్తి చూస్తే ఒడ్డు మీద ఒక్క ఏనుగూ లేదు.

దొర తన కంబళి కియోకోకు కప్పాడు, తన సీసాలోని బ్రాందీ తాగించాడు, విరిగిన కాలికి స్వయంగా కట్టు కట్టాడు. మంచివాడే. ఉత్తరం మాత్రం రాయలేదు. దండాసి అడగలేదు. తర్వాతెప్పుడో ఈ మాట విన్నప్పుడు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “అడగాల్సింది కదయ్యా, నోరు ఎందుకుంది?” అన్నాను. “మాటంటే మాటే కదా మేస్టారూ. ఆయన ముందే సెప్పేడు, నాను ఒప్పుకున్నాను,” అన్నాడు.

అతను ఓడ దిగిన రోజు జట్టుకు పని దొరకలేదు. అందరూ బసలోనే ఉన్నారు. కాగితం చదివిపెట్టాలని నన్నూ పిలిచారు. దండాసి మూట కూడా దించకుండా చెప్పేశాడు.

“కాగితం లేదు. తప్పు నాదే.”

ఏటి దగ్గర జరిగిందంతా దాచకుండా చెప్పి గోడ వారగా కూలబడ్డాడు. కూర్మనాథం లేచి నిలబడ్డాడు.

“ఇరవై నాలుగిళ్ళ కూడు మావా అది. ఆ ఒక్కరోజు నోరు మూసుకోలేకపోనావా?”

దండాసి తల దించుకున్నాడు. అతని తరఫున నేను చెప్పబోయాను గాని, నా మాటలన్నీ బడి మాటల్లా అనిపించి ఆగిపోయాను.

మూలన కూర్చున్న సన్యాసి తాత, జట్టులో అందరికంటే పెద్దవాడు, అప్పుడు అడిగాడు: “ఒరే దండాసీ, పెట్టె కింద పడ్డోడు బతికేడా?”

“బతికేడు తాతా. కుంటతన్నాడు గాని బతికేడు.”

తాత తుండుగుడ్డ తీసి తలకు చుట్టుకున్నాడు. “అయితే లెగండ్రా. మద్దేన్నం ఇంకో ఓడుందంట. గేటు కాడ నిలబడదాం.”

ఒక్కొక్కరే లేచారు. ఎవరూ దండాసిని పలకరించలేదు. అతనూ గోడ వారనుంచి కదల్లేదు. అందరికంటే ఆఖరున బయలుదేరిన కూర్మనాథం గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. ముఖంలో కోపం ఇంకా పోలేదు.

“నువ్విక్కడ కూకుంటే అక్కడ కూత ఎవుడేస్తాడు మావా?” అన్నాడు.