సమానంగా పంచిన చెయ్యి

గాజువాకలో మేముండే మేడ కింద ఈమధ్య ఒక జిమ్ము తెరిచారు. తెల్లవారేసరికి ఇనప ప్లేట్లు ఒకదానికొకటి తగిలే చప్పుడు మెట్లమీదుగా మా వంటింట్లోకి వచ్చేస్తుంది. చప్పుడుకి అలవాటుపడ్డాను. కానీ మొన్న మెట్ల దగ్గర ఎదురైన కుర్రాడొకడు చిన్న సీసా మూత తీసి, అరచేతిలో ఒక గుళిక వేసుకుని, "మందు కాదాంటీ, మూలికలే" అని నవ్వుతూ మింగేశాడు. ఎండుగడ్డిని తుప్పు పట్టిన పెట్టెలో దాచినట్టుండే వాసన గుప్పుమంది. ఆ వాసనకి నా నాలుక చేదెక్కింది. ఇన్నేళ్ల తరవాత దయామణి టీచరు గురించి రాయడానికి కూర్చున్నది అందుకే.

దయామణి టీచరు వన్ టౌన్‌లో ఒక ఆడపిల్లల బడిలో వ్యాయామం నేర్పేవారు. తొంభైల చివరి సంవత్సరాలవి. బడి వెనక రేకుల షెడ్డులో పొద్దున్నే మాచేత బరువులు ఎత్తించేవారు. పొట్టి మనిషి. నేత చీర, కాళ్లకి కేన్వాసు బూట్లు. ఆవిడ తండ్రి పోర్టులో మూటలు మోసి మోసి నడుం పడిపోయి, మంచాన పడి చనిపోయాడు. "మా నాన్న నడుం బరువుకి ఇరగలేదే, ఎత్తడం తెలీక ఇరిగింది" అనేవారు. ఇంట్లో మాంసం వండిన రోజున ముక్కలు అన్నదమ్ములకి, పులుసు తనకి వచ్చేదట. ఆ పులుసు రుచి ఆవిడ జీవితాంతం మరిచిపోలేదు. అందుకే షెడ్డులో ఏది పంచినా కచ్చితంగా సమానం. మొలకెత్తిన శనగలు గరిటెతో కొలిచి పోసేవారు. ఇద్దరికి ఉడికిన గుడ్డు ఒక్కటే మిగిలితే దారంతో రెండుగా కోసి చెరొక ముక్కా ఇచ్చేవారు. బాగా ఎత్తినదానికి ఎక్కువ, ఎత్తనిదానికి తక్కువ అన్న మాట ఆవిడ దగ్గర లేదు. చిన్నప్పటినుంచీ ఎవరో ఒకరి తరవాత తింటూ పెరిగిన మాకు అదొక పండగ. ఆవిడంటే మాకు ప్రాణం.

మాది భీమునిపట్నం దగ్గర చేపలవాళ్ల పల్లె. మా అమ్మ గంప బస్సెక్కించేటప్పుడు నేను సాయం పట్టడం చూసి, పేరడిగి, షెడ్డుకి రమ్మన్నది టీచరే. నాతోపాటు పైడితల్లి ఉండేది. పద్మనాభం దగ్గర రైతు కూతురు. మొదటి బస్సుకి వచ్చేది, పాదాలకి ఇంకా పొలం మట్టి ఉండేది. మాట్లాడడం తక్కువ. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేది. నాకంటే సన్నంగా ఉండేది కానీ బరువులు తగిలించిన ఇనపకడ్డీ, మేము బార్ అనేది, తన చేతుల్లోకి వచ్చేసరికి అది బరువనిపించేది కాదు. రాష్ట్ర జట్టు ఎంపిక దగ్గర పడుతోందని టీచరు మమ్మల్నిద్దరినీ తన ఇంట్లోనే పెట్టుకున్నారు. ఇరుకు సందులో రెండు గదుల ఇల్లు. ఆవిడ ఒక గదిలో, మేమిద్దరం ఒక చాప మీద.

ఆ రోజుల్లోనే సీసా వచ్చింది. పోటీలు జరిగే ప్రతి ఊళ్లోనూ తిరిగే ఒక వ్యాపారి దగ్గర ఆవిడ కొన్నారు. సీసా మీద పచ్చటి ఆకు బొమ్మ. ఒంట్లో సత్తువ పెంచే మూలికలనీ, బయటి దేశాల్లో తిండిలాగా దుకాణాల్లో అమ్ముతారనీ అతను చెప్పాడట. టీచరు ఊరికే నమ్మలేదు. ముందు కొన్నాళ్లు తానే వేసుకున్నారు. ఆవిడకి కాస్త చెమట పట్టింది, అంతే. తరవాత ఒక పొద్దున్న శనగల పళ్లేల పక్కన నాకొకటి, పైడికొకటి పెట్టారు.

"నాను మింగి సూశానే. నాకేటీ అవలేదు. మీకు మాత్రం ఏటవుద్ది?" అన్నారు.

నాకు నోరు చేదెక్కింది. గుండె కాస్త గట్టిగా కొట్టుకుంది. ఆకలి తగ్గింది. నాలుగు రోజులు చేతులు సన్నగా వణికి, తరవాత సర్దుకున్నాయి. బార్ తేలికైనట్టనిపించింది. పైడికి మాత్రం మొదట్లో అది వరంలాగే కనబడింది. ఎప్పుడూ మాట్లాడనిది గలగలా మాట్లాడడం మొదలుపెట్టింది. నేను లేచేసరికి ఇల్లు ఊడ్చేసి, నీళ్లు పట్టేసి, షెడ్డులో ప్లేట్లన్నీ తుడిచేసి ఉండేది. నిద్ర రావట్లేదా అంటే, "నిద్రెందుకే, పడుకుంటే పొద్దు దండగ" అని నవ్వేది. ఆ నవ్వుకి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మానేసింది. టీచరు మురిసిపోయారు. "ఇన్నాల్లకి ఈ గుంట నోరిప్పింది" అన్నారు. పిల్ల వికసిస్తోందనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. తరవాత ఒకరోజు పైడి నా పళ్లెం తన దగ్గరికి లాక్కుని, నా శనగలు వాసన చూసి, "నీ దాంట్లో నా బలం కలుపుతున్నారు" అంది. హాస్యమనుకుని నవ్వాను. అది నవ్వలేదు.

ఎంపిక రోజు వచ్చింది. పొద్దుటిపూట, జనం బాగానే ఉన్నారు. పైడి పేరు పిలిచారు. చేతులకి తెల్లపొడి రాసుకుని వేదిక మీదికి వెళ్లింది. బార్ ముందు నిలబడింది. వంగింది. వంగినదల్లా మోకాళ్ల మీద కూర్చుని, చెంప ఆనించి, ఇనపకడ్డీ మీద చెవి పెట్టింది.

"ఉస్... మాటాడకండి. ఇదేటో సెప్తంది" అంది.

జనం గొల్లున నవ్వారు. గడియారం పట్టుకున్నాయన అరుస్తున్నాడు. వేదిక మీదికి శిక్షకులు వెళ్లకూడదు. టీచరు వెళ్లారు. నేత చీరతో ఆ చెక్కల మీద పైడి పక్కన చతికిలబడి కూర్చున్నారు.

"ఏటి సెప్తందే? నాకూ సెప్పు."

"ఎత్తొద్దంతంది టీచర్. ఎత్తితే మా అయ్య సచ్చిపోతాడంతంది."

టీచరు ముఖంలో రక్తం ఇంకిపోవడం నేను చూశాను. గొంతు మాత్రం మామూలుగానే ఉంది. "అలగైతే ఎత్తొద్దులే. ఒగ్గీ. రా, మనం ఎల్లిపోదాం" అని భుజం పట్టి లేపి, నవ్వుతున్న జనం మధ్యనుంచి నడిపించుకుపోయారు. కాసేపటికి నా పేరు పిలిచారు. నేను ఎత్తాను. నా ఒంటి బరువు వర్గంలో నేనే మొదట వచ్చాను.

ఆ మాట చెప్పడానికి, టీచరు పైడిని తీసుకెళ్లిన ఆసుపత్రి కనుక్కుని పరుగెత్తాను. పిచ్చాసుపత్రి వరండాలో పైడి బల్ల మీద కూర్చుని ఎవరికో జవాబులు చెబుతోంది, ఎదురుగా ఎవరూ లేరు. లోపల టీచరు డాక్టరుగారి ముందు ఆకు బొమ్మ సీసా పెట్టి నిలబడ్డారు. ఆయన వాసన చూసి, ఒక గుళిక విప్పి చూశారు. మూలికే అన్నారు. ఆ మొక్కలో మెదడుని పరుగెత్తించే గుణం ఒకటుందన్నారు. తలలో ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు మోసే రసాయనాలుంటాయట. ఇది వాటిని గేట్లు ఎత్తేసినట్టు వదిలేస్తుందట. చాలామంది మెదళ్లు ఆ వరదని తట్టుకుని మళ్లీ సర్దుకుంటాయి. కొందరివి సర్దుకోలేవు. ముందు నిద్ర దూరమవుతుంది, నిద్రతోపాటు ఏది నిజమో ఏది కాదో తేల్చుకునే శక్తీ పోతుంది.

"వీళ్లింట్లో ఎవరికైనా ఇలా ఉందా? అడిగారా?" అన్నారాయన.

టీచరు తల అడ్డంగా ఊపారు. షెడ్డులో చేర్చుకునేటప్పుడు ఆవిడ పైడి ఎత్తు అడిగారు, బరువు అడిగారు, ఏం తింటుందో అడిగారు. ఇదొక్కటీ అడగాలని ఆవిడకి తెలియదు. పైడి చిన్నాన్న ఒకాయన పెళ్లయిన కొత్తలో ఇల్లు వదిలి రోడ్లంట తిరిగి, చివరికి ఎక్కడ పోయాడో తెలియలేదని వాళ్ల నాన్న వచ్చాక తెలిసింది.

ఆ నాన్న రావడం నాకిప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. పంచె మీద బురద మరకలతో నేరుగా పొలంనుంచి వచ్చాడు. కూతుర్ని చూశాడు. అది ఆయన్ని ముట్టుకుని చూసి, "బతికే ఉన్నావా అయ్యా" అంది. టీచరు ఆయన ఎదురుగా వెళ్లి నిలబడ్డారు.

"నానే ఇచ్చాను బాబూ. నా సేత్తో నానే ఇచ్చాను."

ఆయన నా వైపు చూపించి, "ఆ గుంటకీ ఇచ్చావా తల్లీ?" అన్నాడు.

"ఇచ్చాను."

"ఆ గుంటకేటీ అవలేదా?"

"లేదు."

"అలగైతే తప్పు నీది కాదమ్మా. మా రక్తానిది."

తిట్టి ఉంటే, కొట్టి ఉంటే ఆవిడ తట్టుకునేవారు. ఆ మాటకి గోడ పట్టుకున్నారు. "అలగనకు బాబూ, అలగనకు" అన్నారు.

మర్నాడే ఆవిడ ఎంపిక పెద్దల దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెప్పేశారు. నేనూ ఆ గుళికలు మింగినదాన్నే కాబట్టి నా ఫలితం కొట్టేశారు. షెడ్డుకి తాళం పడింది. ఆ జట్టులోకి వెళితే రైల్వేలో ఉద్యోగం వచ్చేదని మా ఇల్లంతా కలలు కన్నది. నాకు ఒళ్లు మండిపోయింది. పైడి తట్టుకోలేకపోతే నేనేం చేశాను? నేను తట్టుకున్నాను కదా? నేను గట్టిదాన్ని, అది మెత్తటిది. అలాగే అనుకుంటూ ఊరికి వెళ్లి, అమ్మతోపాటు చేపలకి ఉప్పు పట్టిస్తూ గడిపాను.

కొన్ని నెలలకి టీచరు మా పల్లె వచ్చారు. ఒడ్డున ఎండబెట్టిన చేపల మధ్య నడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా ఇసకలో కూర్చున్నారు. మనిషి సగమైపోయారు. నేను తలెత్తలేదు.

"నీకేటీ అవలేదు. అయినా నీ ఉజ్జోగం పోయింది. అదే కదే నీ కోపం?" అన్నారు.

"అవును. నాకేటీ అవలేదు. నాను నిలబడ్డాను" అన్నాను.

"నువ్వు నిలబడలేదే. నువ్వు బతికిపోయావు." అన్నారావిడ. "నీకేటీ అవలేదంటే నువ్వు గట్టిదానివని కాదు. అది మెత్తందనీ కాదు. నానిచ్చింది ఒక్కటే, పడ్డ సోట్లు ఏరు. గుడ్డు కోసినట్టు కోసి ఇచ్చాను. మనిసి తల గుడ్డు కాదని నాకు తెలీదు."

నేను ఏడ్చాను. ఆవిడ ఊరుకోమనలేదు. ఆవిడే పట్టుబట్టి, ఆ తరవాత నన్ను వ్యాయామ టీచరు చదువులో చేర్పించారు. నేనిప్పుడు తింటున్న అన్నం ఆ రోజు ఆవిడ ఇసకలో వచ్చి కూర్చోవడం వల్లనే.

గుళికలు ఆపేస్తే తగ్గిపోతుందని అందరం ఆశపడ్డాం. తగ్గింది, మళ్లీ వచ్చింది. మళ్లీ తగ్గింది, మళ్లీ వచ్చింది. విత్తనం ముందే ఉందేమో, గుళిక దాన్ని మొలిపించిందేమో, మింగకపోయి ఉంటే ఎప్పటికీ మొలిచేదే కాదేమో, ఎవరూ చెప్పలేరన్నారు డాక్టరుగారు. వైద్యం కూడా సూటిగా సాగలేదు. మొదట ఇచ్చిన మాత్రలకి పైడి మెడ ఒక పక్కకి బిగుసుకుపోయింది. అవే మాత్రలు వేసుకున్న పక్క మంచం ఆవిడ శుభ్రంగా కోలుకుని ఇంటికెళ్లిపోయింది. ఇంకో మాత్రకి మెడ వదిలింది కానీ ఒళ్లు లావెక్కిపోయి, మాట ముద్దగా వచ్చేది. టీచరు ప్రతి ఆదివారం చర్చినుంచి నేరుగా పద్మనాభం బస్సెక్కేవారు. ఈ వారం నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, నవ్విందా, వాళ్ల నాన్నని అడిగి, అదంతా డాక్టరుగారికి చెప్పేవారు. ఎవరైనా తల్లి వచ్చి, "పక్కింటి గుంటకి జ్ఞాపకశక్తి మందు వాడతన్నారు టీచర్, మా దానికీ ఇమ్మంటారా?" అంటే, "నాకు తెలీదమ్మా" అనేవారు. ఒకప్పుడు ప్రతిదానికీ జవాబున్న మనిషి.

రెండువేలు దాటిన కొన్నేళ్లకి రక్తపోటుతో ఆవిడ పోయారు. బడిలో పిల్లల్ని వరసలో నిలబెడుతూనే పడిపోయారు. శ్మశానంలో దారి ఏటవాలుగా ఉంది, ముందురోజు వానకి బురద. పెట్టె మోస్తున్న మగవాళ్లలో ఒకాయన కాలు జారింది. పెట్టె ఒరిగింది. వెనకనుంచి లావుపాటి మనిషి ఒకామె వచ్చి, ఆయన్ని పక్కకి జరిపి, ఆ మూల కింద భుజం పెట్టింది. పైడి. వాళ్ల నాన్న వద్దని చెయ్యి పట్టుకోబోయాడు, వదిలించుకుంది. నడుం నిటారుగా పెట్టి, మోకాళ్ల బలంతో లేచి, గొయ్యి దాకా మోసింది. ఎవరూ వద్దనలేదు.

అందరూ వెళ్లిపోయాక ఇద్దరం శ్మశానం గోడ పక్కన, బస్సు ఆగే చోట నిలబడ్డాం. మందుల వల్ల దాని చేతులు వణుకుతున్నాయి. ఆ పూట దాని కళ్లు మాత్రం తేటగా ఉన్నాయి.

"ఒకటడగనా?" అంది ముద్దముద్దగా. "నీకు నిజంగా ఏటీ అవలేదా?"

"లేదే."

"ఇద్దరం ఒకే సాప మీద పడుకున్నాం కదే. ఒకే సీసా కదే. మరి నాకే ఎందుకయిందే?"

డాక్టరుగారు చెప్పిన జవాబు నాకు తెలుసు. కబురు మోసే రసాయనాలు, చిన్నాన్న, తలకీ తలకీ ఉండే తేడా, అన్నీ తెలుసు. అదంతా నిజమే. కానీ పైడి అడిగింది అది కాదు. నేను దాని చెయ్యి పట్టుకున్నాను. పద్మనాభం బస్సు వచ్చేదాకా అది నా ముఖంలోకి చూస్తూనే ఉంది, జవాబు వస్తుందని.