గోడకు అటు పెరుగు, ఇటు పెరుగు

ఇది ఒక మహాయుద్ధం కథ. ఇందులో పగబట్టిన ఇద్దరు అన్నదమ్ములున్నారు, రాజ్యాన్ని రెండుగా చీల్చిన కోటగోడ ఉంది, ఆ గోడ దాటి ఏళ్ల తరబడి సాగిన రహస్య రాయబారం ఉంది, చివర్లో ఒక వంశం అంతరించిపోవడం కూడా ఉంది.

సరే, అంత లేదు. రాజ్యం అంటే చిలకలగూడలో మా తాత కట్టిన డాబా ఇల్లు. కోటగోడ అంటే ప్లాస్టరింగ్ లేని ఇటుక గోడ. అది చేయించాల్సింది అవతలివాళ్లే అని రెండు వైపులా నమ్మకం. అంతరించిన వంశం పెరుగులోని బ్యాక్టీరియాది. కావాలంటే ఇక్కడితో ఆపేయొచ్చు, నేనేమీ అనుకోను.

యుద్ధానికి కారణం కార్జం. తాత దినాల నాడు మేక కార్జం అంతా పెద్దనాన్న అత్తగారి తరఫువాళ్ల విస్తళ్లలోకే పోయిందనీ, మా మేనమామలకు ఎముకలు మిగిలాయనీ మా నాన్న అన్నాడు. "తాగినోని లెక్క మాట్లాడకు" అన్నాడు పెద్దనాన్న. ఆ పూట ఇద్దరూ తాగే ఉన్నారు కాబట్టి ఆ మాటలో తప్పేం లేదు. కానీ తప్పు పట్టుకున్నారు. తర్వాత గోడ లేచింది. ఇప్పుడు ఎవరైనా అడిగితే ఇద్దరూ ఆస్తి తగాదా అని చెప్తారు. ఆస్తి తగాదా అంటే నలుగురిలో మర్యాద ఉంటుంది. కార్జం తగాదాకు ఎవరు గౌరవమిస్తారు?

గోడ వాకిలి మధ్యలోంచి ఇంటి వెనకదాకా పోయింది. సంపు మా వైపు పడింది, పైన ట్యాంకు వాళ్ల వైపు పడింది. దాంతో నీళ్ల పైపు గోడలోంచి పోక తప్పలేదు. దాని చుట్టూ మేస్త్రి ఇటుకంత కంత వదిలేసి, మళ్లీ వచ్చి పూడుస్తానన్నాడు. రాలేదు. మా ఇంటి చరిత్రలో జరిగిన ఒకే ఒక్క మంచిపని ఆ మేస్త్రి బద్ధకం.

ఆ పైపు అప్పుడప్పుడు పొద్దున పూట టంగ్ టంగ్ అని మోగేది. "పైపుల గాలి వట్టింది" అని నాన్న ప్లంబర్‌ని పిలిపించాడు. ప్లంబర్ పైపుకి చెవి ఆనించి చాలాసేపు విని, గాలే అని తేల్చి, టీ తాగి వెళ్లిపోయాడు. పైపు మోగుతూనే ఉంది.

నేను ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరంలో ఉన్నాను. మా గైడ్ మేడమ్‌వాళ్లది గుంటూరు వైపు నుంచి ఎప్పుడో సికింద్రాబాద్ వచ్చి స్థిరపడ్డ టీచర్ల కుటుంబం. ఆదివారం చర్చి తప్పదు, సోమవారం శాంపిల్ తప్పదు. ఆవిడ దగ్గర ఒక పరిశోధన నడుస్తోంది: ఒకే చోట ఉండే మనుషుల మీద, జంతువుల మీద, వస్తువుల మీద ఏ సూక్ష్మజీవుల గుంపులు బతుకుతాయి, ఒక గుంపుకీ ఇంకో గుంపుకీ తేడా ఎంత అని. అందులో అసిస్టెంట్ పోస్టు ఒక్కటే ఉంది. ప్రాజెక్టు బాగా చేసినవాళ్లకు అది. నాకు అది కావాలి. జీవితంలో నేను సీరియస్‌గా కోరుకున్న మొదటి వస్తువు అదే, అందుకే ఎవరికీ చెప్పలేదు. చెబితే జోక్ అనుకునేవాళ్లు.

"ఒకే వీధిలో ఉండి, ఒకే నీళ్లు వాడుతూ, ఒకరింటికి ఒకరు అస్సలు వెళ్లని రెండు కుటుంబాలు దొరుకుతాయా?" అని క్లాసులో అడిగింది మేడమ్.

నేను చెయ్యెత్తాను. గోడ వల్ల ఇన్నాళ్లకు ఒక లాభం కనిపించింది.

మా ఇంట్లో శాంపిళ్లు తీయడం సులువు. పెద్దనాన్న ఇంటికి తమ్ముడి కొడుకుగా పోలేను. తెల్లకోటు వేసుకుని, మాస్కు పెట్టుకుని, మెడలో కాలేజీ ఐడీ కార్డుతో బెల్లు కొట్టాను.

"ఎవరు కావాలె?" అన్నాడు పెద్దనాన్న. నేను పుట్టిన రోజు ఆస్పత్రికి మొట్టమొదట ఉరికొచ్చింది ఆయనేనట.

"కాలేజీ నుంచి సార్. సర్వే."

"రండి సార్, కూసోండి."

అలా ఆయన నన్ను సార్ అన్నాడు, నేను ఆయన్ని సార్ అన్నాను. అరచెయ్యి చాపమంటే చాపాడు. దూది పుల్లతో రుద్దాను. చిన్నప్పుడు ఆ చేతివేలు పట్టుకునే స్టేషన్‌లో రైళ్లు చూడటానికి పోయేవాణ్ని. ఇక్కడ కళ్లలో నీళ్లు తిరగాలి, తెలుసు. ఆయనకు చక్కిలిగింతలు పుట్టి నవ్వాడు, పుల్ల కింద పడింది, ఇంకోటి తీశాను. లోపల పెద్దమ్మ మట్టి గురిగిలోంచి నా డబ్బాలోకి పెరుగు తీసి ఇచ్చి, పైన ఇంకో గరిటె వేసింది, సర్వే ఆకలి మీద వచ్చినట్టు.

రెండు ఇళ్లలో అరచేతులు, నేల, సింకు జాలీ, పెరుగు. పోల్చుకోవడానికి వీధిలో ఇంకొన్ని ఇళ్ల పెరుగు. ఆపైన ఒక పిల్లి. అది గోడ మీద పడుకుని రెండు వైపులా తింటుంది. మేము దాన్ని పిల్లి అంటాం, వాళ్లూ పిల్లి అనే అంటారు. పేరు పెట్టే ఓపిక మా వంశంలోనే లేదు.

ఫలితాలు వచ్చాయి. పుస్తకాల్లో చదివిందే, కానీ మన ఇంటి మీద చూస్తే వేరు. అరచెయ్యి ఒక బస్తీ. సింకు జాలీ సికింద్రాబాద్ స్టేషన్, ఎవరు దిగారో ఎవరు ఎక్కారో లెక్కలేదు. పిల్లి వీపు వేరే దేశం. పెరుగు మాత్రం చిన్న పల్లె, పులుపుకి తట్టుకున్న కొద్ది జాతులే అందులో ఉంటాయి.

నాన్న చెయ్యి, పెద్దనాన్న చెయ్యి దగ్గరదగ్గరగా వస్తాయనుకున్నాను. ఒక్క కంచంలో తిని పెరిగినవాళ్లు. రాలేదు. నాన్న చెయ్యి అమ్మ చెయ్యికి దగ్గర, పెద్దనాన్న చెయ్యి పెద్దమ్మ చెయ్యికి దగ్గర. ఆ ఇద్దరి చేతుల మధ్య మాత్రం ఏ చుట్టరికమూ లేదు. బ్యాక్టీరియాకు రక్తసంబంధం పట్టదు, ఎవరితో కాపురముంటే వాళ్లదే. కార్జం సంగతి వాటికి తెలిసే అవకాశం లేదు, అయినా విడిపోయాయి. పిల్లి వీపు మీద ఒక్కచోటే రెండు ఇళ్లూ కలిసి ఉన్నాయి.

చిక్కు వచ్చింది పెరుగు దగ్గర. వీధిలో ఒక్కో ఇంటి పెరుగు ఒక్కో తీరుగా ఉంది. మా పెరుగు, పెద్దమ్మ పెరుగు మాత్రం ఒక్కటే. జాతులూ అవే, పాళ్లూ అవే. ఇంకే ఇంట్లోనూ లేని ఒక అరుదైన బ్యాక్టీరియా, మా రెండు గురిగిల్లో హాయిగా ఉంది.

మేడమ్ ఆ గ్రాఫు చూసి కళ్లజోడు తీసింది. "ఏమయ్యా, నిజం చెప్పు. ఒకే పెరుగుని రెండు డబ్బాల్లో పోసేశావు కదూ?"

"లేదు మేడమ్."

"రెండిళ్లకూ రాకపోకలే లేవని నువ్వే రాశావు. మరి ఇదెలా వచ్చింది?"

"ఒట్టు మేడమ్, నాకు తెల్వదు."

"నీ ఒట్లు నాకు తెలుసులే." మేడమ్‌ని తప్పు పట్టను. రెండేళ్లు ప్రతి మాటకీ జోకులేసినవాడు ఒక్కరోజు నిజం చెబితే నమ్మమనడం ఆవిడకు అన్యాయం. "ఆ రెండు ఇళ్ల మధ్య పెరుగు ఎలా పోతోందో చూపించు. లేకపోతే ఇది శాంపిళ్లు కలిసిపోవడమే అని రాస్తాను. అప్పుడు పోస్టు గురించి అడగకు."

మర్నాడు కాలేజీకి పోలేదు. పొద్దున మంచం మీద పడుకుని ఉంటే పైపు మోగింది. టంగ్ టంగ్. లేచి వెనక్కి పోయాను. అమ్మ బోళ్లు తోమే గచ్చు దగ్గర కూర్చుని, చెంచా చేత్తో పట్టుకుని ఉంది. కంతలోంచి ఒక స్టీలు గిన్నె ఇవతలికి వచ్చింది. దాంట్లో కాస్త పెరుగు. అమ్మ దాన్ని మా పాల గిన్నెలోకి వంచుకుని, కడిగి, అందులో రెండు నిమ్మకాయలు వేసి మళ్లీ కంతలోకి తోసింది. ఖాళీ గిన్నె వాపసు ఇవ్వకూడదు కదా. ఒక్క మాట లేదు. అప్పుడు అర్థమైంది, మేము కరివేపాకు కొనగా నేనెప్పుడూ ఎందుకు చూడలేదో. చెట్టు వాళ్ల వైపుంది.

మా పెరుగు పాడైతే మేము మోగించాలి, వాళ్లది పాడైతే వాళ్లు. దీపాలు పెట్టాక తోడు ఇవ్వరు కాబట్టి పొద్దున్నే. ఆ తోడు మా నానమ్మ చేతిది. అటు ఒక గురిగి, ఇటు ఒక గురిగి, ఒకచోట చస్తే ఇంకోచోట బతికి ఉండేది. గోడ కట్టినవాళ్లకు ఈ ఏర్పాటు తట్టలేదు.

"అమ్మా, గీ ముచ్చట మా మేడమ్‌కు ఫోన్ల ఒక్కసారి చెప్పు. నా ప్రాజెక్టు దీనిమీదనే ఉంది."

"ఏ ముచ్చట?"

"ఇప్పుడు నేను చూసిన ముచ్చట."

"నువ్వేం జూడలే." అమ్మ గిన్నె బోర్లించింది. "మీ నాన్నకు తెలిస్తే గీ కంత సుత ఉండదు. నీకు ఒక నౌకరి కాకపోతె ఇంకో నౌకరి దొరుకుతది. నాకు ఇంకో కంత దొరుకుతదా?"

మా మేడ మీదికి పోయి, పిట్టగోడ అవతల బట్టలు ఆరేస్తున్న పెద్దమ్మను అడిగాను.

"మీ అమ్మతోని నేను మాట్లాడి ఎన్నేండ్లయింది బిడ్డా! కావాల్నంటె అడుగు, ఒక్క మాటన్న మాట్లాడిందేమో" అంది. అక్షరాలా నిజం. చెంచాతో కొట్టడం మాట్లాడటం కిందికి రాదు.

మేడమ్‌కి జరిగింది చెప్పాను. పైపు, చెంచా, కంత, గిన్నె. "కథ బాగుంది" అంది. పాపం, మనిషి మంచిది. "శనివారం నేనే వస్తాను. మళ్లీ నేనే స్వయంగా శాంపిళ్లు తీస్తాను, పెద్దవాళ్లతో మాట్లాడతాను."

రెండు పెరుగులూ ఒక్కతీరే ఉన్నాయని మేడమ్ నన్ను అనుమానించిందనీ, శనివారం వస్తోందనీ అమ్మకూ పెద్దమ్మకూ చెప్పాను. ఆ రోజు ఐస్ డబ్బాతో దిగింది. ముందు రెండు ఇళ్లలోనూ పెరుగు తీసుకుంది. తర్వాత మా వాకిట్లో నిలబడి నాన్నని మర్యాదగా అడిగింది. "అన్నగారూ, మీకూ పక్కింటికీ ఏమైనా ఇచ్చిపుచ్చుకోవడాలు ఉన్నాయాండీ? పాలూ పెరుగూ లాంటివి?"

"గా ఇంటోళ్లతోనా?" నాన్న గోడ వినేలా గొంతు పెంచాడు. "ఆ ఇంట్ల నీళ్లు సుత ముట్టం మేడమ్!"

నీళ్లు ఆ ఇంటి ట్యాంకులోంచే వస్తాయి.

గోడ అవతల నుంచి పెద్దనాన్న గొంతు. "కరెక్ట్ చెప్పిండు! ఏ సంబంధం లేదు, రాసుకోండి!"

"రాసుకోండి మేడమ్, ఆయన చెప్పింది నిజమే!" అన్నాడు నాన్న.

గోడ లేచిన తర్వాత వాళ్లిద్దరూ ఒక మాట మీద నిలబడటం అదే మొదలు. ఇద్దరి మొహాల్లోనూ తృప్తి. పెద్దనాన్న మొహం నాకు కనబడలేదు, కానీ ఆ గొంతు నాకు తెలుసు.

అమ్మ చెంగు వేలికి చుట్టుకుంటూ తలుపు దగ్గర నిలబడింది. మేడమ్ చూసింది. అమ్మ లోపలికి పోయింది.

అయినా నాకు ఒక ఆశ ఉంది. కొత్త శాంపిళ్లు మేడమ్ చేత్తో తీసినవి. అందులోనూ ఆ అరుదైన బ్యాక్టీరియా రెండు ఇళ్లలోనూ కనబడితే, నేను కలపలేదని తేలిపోతుంది. ఎవరూ నోరు విప్పక్కర్లేదు. కంత కంతలాగే ఉంటుంది, నౌకరీ నౌకరీలాగే వస్తుంది.

ఫలితాలు వచ్చాయి. రెండు పెరుగులూ మళ్లీ ఒక్కటే. కానీ పాతది కాదు. ఆ అరుదైన బ్యాక్టీరియా ఎక్కడా లేదు. పది దుకాణాల్లో ఏ ప్యాకెట్ కోసినా ఉండే రెండు జాతులు, అంతే.

"ఇది కంపెనీ పెరుగు" అంది మేడమ్. "అంటే మొదటిసారి నువ్వు ఏదో ఒక్క పెరుగునే రెండు డబ్బాల్లో పోశావు. ఆ రెండిళ్లవాళ్లు వాడేది ఇదీ." గట్టిగా అనలేదు, అదే కష్టంగా ఉంది. పోస్టు నా బెంచీమేట్‌కి వచ్చింది. మంచి అమ్మాయి, జోకులు వేయదు.

ఇంటికొచ్చి అమ్మను అడిగాను.

"శుక్రవారం పొద్దుగాలనే పాత పెరుగు పారబోసిన" అంది, ఉల్లిగడ్డలు కోస్తూ. "మేడమొచ్చి చూస్తే రెండు ఒక్కతీరే ఉన్నయని నిన్ను మల్ల పరేషాన్ జేస్తది గద. వేరే ఉండాలెనని దుకాన్ల ప్యాకెట్ తెచ్చి గురిగిల పోసిన. నీ కోసమే."

"ఏ దుకాన్ల?"

"మూలమీదిది."

మేడ మీదికి పోయి పెద్దమ్మను అడిగాను. ఆమె కూడా శుక్రవారమే పారబోసింది. నేను ఆగం కావొద్దని, మా పెరుగుతో కలవకూడదని. దుకాణం కూడా మూలమీదిదే, వీధిలో ఉన్నది అదొక్కటే.

"మరి తోడు?" అన్నాను.

"మీ అమ్మ దగ్గరుంటది గద" అంది పెద్దమ్మ.

 కింద అమ్మను అడిగితే "అక్క దగ్గరుంటది గద" అంటుందని తెలుసు. నానమ్మ తోడు ఆ శుక్రవారం రెండు మోరీల్లోంచి ఒకే కాలువలోకి పోయింది. అక్కడైనా కలిసింది అని రాయాలనిపిస్తుంది, కానీ ఆ కాలువలో కలవనిది లేదు.

తర్వాతి వారం, ఎలుకలొస్తున్నాయని నాన్న కంతకు సిమెంటు పెట్టాడు. ఎలుక మా ఇంట్లోకి ఎప్పుడూ రాలేదు, పిల్లి ఉంది. అమ్మను ఒక్క మాట అడగలేదు. అటు నుంచి కూడా తాపీ చప్పుడు వినబడింది. అన్నదమ్ములిద్దరూ చెరో వైపు నుంచి ఒకే కంతను పూడ్చారు, గోడ తర్వాత కలిసి చేసిన మొదటి పని. అప్పట్నుంచి పైపు మోగలేదు.

"చూసినవా, గాలి పోయింది" అన్నాడు నాన్న సంతోషంగా. అమ్మ కంచంలోకి చూస్తూ అన్నం కలుపుకుంది.

నేనిప్పుడు ఒక డయాగ్నస్టిక్ సెంటర్ తరఫున పద్మారావు నగర్ ఇళ్లకు పోయి రక్తం తీస్తున్నాను. శాంపిళ్లు కలపడం లేదు. కరివేపాకు కొంటున్నాం. రెండు ఇళ్లలోనూ ఇప్పటికీ అదే కంపెనీ పెరుగు, అదే దుకాణం నుంచి. ఆ ప్యాకెట్‌ని కత్తెరతో మూల కత్తిరించి తీయాలి. పళ్లతో చింపితే షర్టు మీద పడుతుంది.