పొయ్యి వెలిగించే చెయ్యి

దుబాయ్‌లోని ఆ విల్లాలో వంటకు చేరిన మొదటి రోజే మేడమ్ నాకు పాఠం మొదలుపెట్టింది. వాళ్లు యూదులు. ఎర్ర టేపు చుట్టిన గిన్నెలు మాంసానికి, నీలం టేపువి పాలకు. కడిగే సింకులు కూడా రెండు. కోడికూరలో పెరుగు వేయకూడదు, నెయ్యి అసలే వద్దు. పొలుసులూ రెక్కలూ ఉన్న చేపే ఇంట్లోకి రావాలి, రొయ్యల సంగతి ఎత్తకూడదు. గుడ్డును ముందు గాజు గ్లాసులో కొట్టి చూడాలి. నెత్తురు చుక్క కనిపిస్తే పారబోయాలి. కొత్తిమీరను రెమ్మ రెమ్మా వెలుతురులో పట్టి, పురుగు లేదని తేల్చుకోవాలి.

అంతకుముందు లేబర్ క్యాంపులో మూడొందల మందికి వండినవాణ్ణి. కొత్తిమీరకు ఎక్స్‌రే తీసే రోజొస్తుందనుకోలేదు. అయినా అర్థం చేసుకున్నాను. మా ఇంట్లో మాత్రం శనివారం గిన్నెలు వేరుగా ఉండవా? చివరి నియమం దగ్గరే నా మొహం మాడిపోయింది. పొయ్యి ఆమే వెలిగించాలట. ఆ తర్వాత వంటంతా నాదేనట.

ఎందుకని అడగలేదు. అడగకుండానే తెలుసనుకున్నాను. క్యాంపులో మా ఊరివాడు ఒకడుండేవాడు. నా కులం తెలిసినవాడు వాడొక్కడే. కేరళవాళ్లు, నేపాలీలు, బెంగాలీలు నా పప్పు లొట్టలేసుకుంటూ తింటుంటే, వాడు నా వంటగదిలోనే ఓ మూల తన అన్నం తాను వండుకునేవాడు. సముద్రం దాటినా కులం వాడి పెట్టెలోనే వచ్చింది. ఆ క్యాంపు వదిలి ఈ ఇంటికి రావడానికి కారణం అదే. ఇక్కడా నా చెయ్యి పనికిరాదా?

ప్రతి ఉదయం ఉల్లిపాయలు తరిగి, మూకుట్లో నూనె పోసి ఆమె కోసం కాచుకునేవాణ్ణి. ఆమె తడి జుట్టుతో వచ్చి, లైటరు నొక్కి వెళ్లిపోయేది. ఆమె వచ్చేదాకా ఒకచోట నిలబడలేకపోయేవాణ్ణి. కడిగిన గరిటే మళ్లీ కడిగేవాణ్ణి. మేడమ్ అని పిలవడానికి మాత్రం నోరు రాదు. పిలిస్తే ఒప్పుకున్నట్టే కదా.

ఫోన్లో నా భార్యకు చెప్పాను.

"దుబాయ్ల గూడ గదే లొల్లా?" అంది. "ఇడిసిపెట్టి రారాదు?"

"వచ్చి ఏం జెయ్యాలె?" అన్నాను.

ఒక మధ్యాహ్నం చేపల పులుసు పొంగి మంట ఆరిపోయింది. మేడమ్ పిల్లల్ని తేవడానికి స్కూలుకు వెళ్లింది. లైటరు గట్టు మీదే ఉంది. రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లొచ్చాను. 'అయ్యేది కానీ' అనుకుని నొక్కాను. మంట అంటుకోగానే కడుపు చల్లబడింది. పావుగంట గడిచేసరికి కడిగిన గరిటే మళ్లీ కడుగుతున్నాను. వాళ్ల దేవుడితో వాళ్లు పెట్టుకున్న కట్టు తెంపడానికి నేనెవణ్ణి? తెలియకుండా తినిపించడం దొంగతనమే.

ఆమె రాగానే చెప్పేశాను. పని పోతుందనే అనుకున్నాను.

"మంట ఆరేటప్పటికి ముక్క ఎంత ఉడికింది?" అని అడిగింది.

"సగం."

"అయితే పర్లేదు, సగం నేను పెట్టిన మంట మీదే ఉడికింది. తినొచ్చు."

అంతేనా? అప్పుడు పొంగింది నా కోపం. "మేడమ్, నా చెయ్యి మురికిదా?"

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "చెయ్యి గురించి కాదు," అంది. "పరాయివాళ్ల వంట తింటూ పోతే చనువు పెరిగి, అది పిల్లల పెళ్లిళ్లదాకా వెళ్తుందని మా పెద్దవాళ్ల భయం. అందుకని మంటైనా మా చేత్తో పెట్టాలన్నారు. వినడానికి బాగుండదు. నాకు తెలుసు."

కంచం పొత్తు కలిస్తే మంచం పొత్తు కలుస్తుందన్న భయం నాకు కొత్తా? మా ఊరివాడిదీ అదే. కాకపోతే వాడు నా మొహం చూసి ఆ మాట ఏనాడూ అనలేదు. ఈమె అన్నందుకు నాకు కోపం తగ్గలేదు, అలాగని ఆమె మీద నిలవనూ లేదు.

ఆమె లేచి రెండు పళ్లేలు తీసింది. రెండింట్లోనూ అన్నం, పులుసు వడ్డించి, ఒకటి నా ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది. కారానికి ముక్కు ఎగబీలుస్తూ ఒక్క ముక్క వదలకుండా తింది. నేను మాత్రం అన్నం కలుపుతూనే ఉన్నాను. ఇలా నా ఎదుట కూర్చుని నా కూర తినాల్సిన మనిషి వేరే ఉన్నాడు, వాడు నా ఊరివాడు.

మర్నాడు ఉల్లిపాయలు తరగడం అయ్యాక, "మేడమ్, పొయ్యి!" అని మొదటిసారి గట్టిగా పిలిచాను. ఆమె తడి జుట్టుతో పరుగెత్తుకొచ్చింది. పక్కకు జరిగి చోటిచ్చాను. లైటరు ఆమెకు అందించాను గాని, నా చెయ్యి దాన్ని వెంటనే వదల్లేదు.